ఓలాంజపిన్‌తో విపరీతమైన ఆకలి: మీ ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారు?

మాది తిరుపతి. మా తమ్ముడికి 27 ఏళ్లు, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. ఏడాదిగా రాత్రిపూట ఓలాంజపిన్ 15 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. చెవిలో మాటలు వినిపించడం బాగా తగ్గింది, మళ్లీ మాతో కూర్చుని భోజనం చేస్తున్నాడు. అంతవరకు ఆ మందుకు దండం పెట్టాలి.

కానీ ఆ ఆకలి! ఒక అర్ధరాత్రి వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. లైటు కూడా వేయకుండా నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నం ఆవకాయతో కలుపుకుని తింటున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. 61 కిలోల మనిషి 79 అయ్యాడు. పరగడుపున షుగర్ 116. ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ గోవింద నామాలతో ఎక్కేసేవాడు, మొన్న గాలిగోపురం చేరకముందే కూలబడ్డాడు.

మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) కలపడమా, మెల్లగా అరిపిప్రజోల్ అనే వేరే మందుకు మార్చడమా అని డాక్టరు గారు ఆలోచించుకోమన్నారు. రెండోది బరువు అంతగా పెంచదట, కొందరికి మాత్రం కాళ్లు ఒకచోట నిలవనీయని అలజడి వస్తుందట. సంక్రాంతికి ముందు వాడు తనంతట తానే మాత్రలు మానేసి మూడు రాత్రులు నిద్రపోలేదు. అందుకే మార్పు అంటేనే నాకు గుండె దడ. (తాయెత్తు సలహాలు బంధువులే బోలెడు ఇచ్చారు, అవి వద్దు.)

ఇలా మందు మార్చినవారికి కుదురుకోవడానికి ఎన్ని వారాలు పట్టింది? మధ్యలో ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పారు? రాత్రి ఆకలికి ఏమి పెట్టేవారు? వంటింటికి తాళం వేయమని అమ్మ అంటోంది. నాకు మనసొప్పడం లేదు.