సమస్యాపూరణం: నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ

నిర్వహణ:
ఈ వారం సమస్య ఇది.

నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ

తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో ఇది నాలుగో పాదం. గణాలు, అంటే లఘువు గురువుల గుంపులు: నిదుర (న), లేపెను (భ), తల్లి తా (ర), నిద్ర (గల), పుచ్చ (గల). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి: ని-ని. మిగతా మూడు పాదాలు మీవి. నిద్రపుచ్చడానికి నిద్ర లేపడమేమిటన్న చిక్కు విడిపోవాలి. పదాన్ని అడ్డంగా విరిచి తప్పించుకోకండి, అది మూడేళ్ళ కిందటే విసుగు పుట్టించింది. ఊయల దగ్గర నిజంగా జరిగే సంగతి చెబితే ఇంకా మంచిది. పసిపిల్లల్ని పెంచిన చేతులు ఇక్కడ చాలానే ఉన్నాయి కదా.

సగంనిద్ర:
మొదటి బోణీ నాదే.

ఏడ్పు మానని పాపాయి నెత్తి యెత్తి
చేతు లలసిన వేళలో జెంతనున్న
గుఱ్ఱు పెట్టెడి మగనిని గుదిపి కుదిపి
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

గణాలగంప:
గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. 'పాపాయి నెత్తి'లో స్వరయతి, అంటే అచ్చుల మైత్రి, చక్కగా కుదిరింది. చిక్కల్లా అన్వయంతోనే. 'తా' అన్నది తల్లికే చెందుతుంది. తానే నిద్రపుచ్చేటట్టయితే మగణ్ణి కుదపడం దేనికి?

సగంనిద్ర:
తా అంటే మగడే అనుకోండి. లేచాక చంక మారుతుంది.

నిర్వహణ:
అనుకోవడానికి వ్యాకరణం ఒప్పుకోదు. వాక్యానికి కర్త తల్లి, 'తా' ఆమె వెంటే పోతుంది. అయినా మూడో పాదం చదివి నవ్వాను. మార్కులు పోయినా పద్యం నిలుస్తుంది.

పిల్లల వైద్యుడు:
ఇక్కడొక మాట. కుదపడం మగడి వరకే. ఏడుపు ఆగలేదన్న కోపంలో పసిబిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం జరగవచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మెడ నిలవని వయసు, శరీరంతో పోలిస్తే తల బరువు. చేతులు అలసి సహనం తెగేలా ఉంటే, బిడ్డను వెల్లకిలా ఊయలలో పడుకోబెట్టి కొద్ది నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళి రావడంలో తప్పేమీ లేదు. ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ దాదాపు ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుంది. ఎక్కువమంది పిల్లలది ఇదే దారి. అందులో తల్లి తప్పేమీ ఉండదు. ఈ పద్యంలోలా రెండో మనిషిని లేపడం మాత్రం నిక్షేపంలాంటి వైద్యం.

అర్ధరాత్రి అమ్మ:
నాది పాల దగ్గరి సంగతి.

పాప కుడుచుచు నడుమనే పవ్వళించె
అర కడుపుతోడ నిద్దుర యాగ దనుచు
మెల్లగా నరికాలును మీటి మీటి
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

గణాలగంప:
రెండో పాదం గణవిభజన చూపించండి, నడక తడబడినట్టుంది.

అర్ధరాత్రి అమ్మ:
అరక, డుపుతోడ, నిద్దుర, యాగ, దనుచు. న, సల, భ, గల, న. యతి అ-ఆ.

గణాలగంప:
సరిపోయింది. 'మీటి' మాత్రం మింగుడు పడలేదు. మీటేది తీగను. 'మెదిపి మెదిపి' అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి.

అర్ధరాత్రి అమ్మ:
మెదిపితే హాయిగా ఇంకా నిద్రపోతుందండీ! నేను చెప్పింది చూపుడువేలి గోటితో అరికాలి మీద 'టిక్' మనిపించడం. అప్పుడే కాలి వేళ్ళు విచ్చుకుని, దవడ మళ్ళీ కదిలి, రెండు గుటకలు పడతాయి. దానికీ లొంగకపోతే దుప్పటి తీసేయడం, అప్పటికీ కాకపోతే డైపర్ మార్చడం. మీటడమే ఉండనివ్వండి.

నిర్వహణ:
ఉండనిద్దాం. మీటినప్పుడు పలికేది తీగ ఒక్కటే కానక్కర్లేదు.

పిల్లల వైద్యుడు:
పద్యం వైద్యానికీ సరిపోయింది. పుట్టిన కొత్తలో రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. పుట్టినప్పటి బరువు మొదట కొంత తగ్గి, రెండు వారాల్లోపు మళ్ళీ వస్తుంది. అందాకా నిద్రలో ఉన్నా లేపి పట్టమని చెబుతాం. బరువు పుంజుకున్నాక, ఆరోగ్యంగా ఉన్న బిడ్డను అలా లేపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఏడ్చేదాకా ఆగడం కూడా మంచిది కాదు. నోరు తిప్పడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం ఆకలికి మొదటి గుర్తులు, ఏడుపు చివరిది. అప్పటికి బిడ్డ నోటికి అందించినా పట్టుకోలేనంత గోలలో ఉంటుంది.

కొత్తకలం:
పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

మెత్త పరుపున బోర్లగా మేను వాల్చి
ముక్కు నొక్కుక నిద్రించు ముద్దుబిడ్డ
నెత్తి వెల్లకిలగ జేర్చి పాట పాడి
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

గణాలగంప:
మూడో పాదంలో యతి తప్పింది. 'బిడ్డ నెత్తి' అంటే 'బిడ్డను ఎత్తి' కాబట్టి, నాలుగో గణం మొదట ఎ, ఏ, ఇ, ఈల్లో ఒకటి రావాలి, లేదా నకారం ఆ గుణింతంతో రావాలి. 'పాట'లో పా ఉంది. రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా కుదరలేదు. మిగతా రెండు పాదాలు, మొదటిసారికి, బాగున్నాయి.

నిర్వహణ:
యతి ఒక్కటే కాదు, భావం కూడా అక్కడే జారింది. పాట పాడి ఎవరైనా లేపుతారా? ఇలా చూడండి:

నెత్తి వెల్లకిలగ జేర్చి యేడ్వ నోర్చి

ఎ-ఏ యతి కుదిరింది. ఎత్తి తిప్పితే లేస్తుందని, లేస్తే ఏడుస్తుందని తెలిసీ తిప్పింది. 'ఓర్చి'తో తల్లి పద్యంలోకి వచ్చింది.

కొత్తకలం:
ఆ పాదమే తీసుకుంటున్నాను. నా పాటను ఇంకో పద్యానికి దాచుకుంటా.

పిల్లల వైద్యుడు:
ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ప్రాణానికి సంబంధించిన పద్యం ఇదే. బోర్లా పడుకుంటే నిద్ర గాఢంగా పడుతుందని ఒకప్పుడు అలాగే పడుకోబెట్టేవారు. ఆ గాఢతే ప్రమాదం. 1992లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ బోర్లా వద్దని చెప్పింది, 1994లో 'వెల్లకిలా పడుకోబెట్టండి' అని అక్కడ పెద్ద ప్రచారం నడిచింది. ఆ తర్వాతి ఏళ్ళలో నిద్రలో జరిగే హఠాత్ శిశు మరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి. మొదటి పాదంలోని 'మెత్త పరుపు' కూడా దోషే, దాన్ని పట్టుకున్నందుకు కొత్తకలానికి అభినందనలు. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, బొమ్మలు, వదులు దుప్పట్లు వద్దు. బిడ్డ తనంతట తాను రెండు వైపులా దొర్లడం నేర్చాక మాత్రం, వెల్లకిలా పడుకోబెడితే చాలు. తర్వాత దొర్లినప్పుడల్లా లేచి తిప్పక్కర్లేదు.

గణాలగంప:
అంటే పద్యంలోని బిడ్డకు ఇంకా దొర్లడం రాదు. మరి బోర్లా ఎవరు పడుకోబెట్టినట్టు?

నిర్వహణ:
ఇంటికొచ్చిన ఎవరో పెద్దలు. మూడు పాదాల్లో వాళ్ళకు చోటు చాలలేదు.

నెమలిపింఛం:
దొంగ నిద్దుర నటియించు ధూర్తు జూచి
నవ్వు దాచెడి పెదవుల నందసతియె
మీటి, చక్కిలిగింతలు మేన నిడుచు
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

గణాలగంప:
దోషం లేదు. 'ధూర్తు' యశోద నోట ముద్దుగానే ఉంది.

నిర్వహణ:
ఏ సమస్య ఇచ్చినా మీ చేతిలో కృష్ణుడు తేలతాడు. దొంగనిద్రను లేపి అసలు నిద్ర పుచ్చడం మంచి విరుపు. నిద్ర నటించేవాణ్ణి లేపలేమన్న సామెతను యశోద చక్కిలిగింతలతో ఓడించింది. అయితే నటించే వయసొచ్చినవాడు ఊయల దాటినట్టే. మనం అడిగింది ఇంకా చిన్నవాణ్ణి.

పొద్దుతిరుగుడు:
పొద్దు వాలిన పిమ్మట బుజ్జిపాప
కునుకు దీసిన రేయెల్ల గునుకు రాద
టంచు మేనిని నిమురుచు డాసి కూర్మి
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

కొత్తకలం:
'టంచు', 'డాసి' యతి చెల్లుతుందా?

గణాలగంప:
చెల్లుతుంది. ట, డలకు మైత్రి ఉంది. 'రాద / టంచు' అని పాదం దాటించిన తీరు చూడండి, అనుభవం ఉన్న చెయ్యి.

అర్ధరాత్రి అమ్మ:
చెయ్యి సరే, అనుభవం మాత్రం సగమే. సాయంత్రం కునుకు ఆపితే రాత్రి పడుకుంటుందని నేనూ చేసి చూశాను. అలసట హద్దు దాటితే నిద్ర రావడానికి బదులు గంటసేపు రాగాలు. కళ్ళు నులుముకుంటూ, మన భుజానికి ముఖం రుద్దుతూ, వెన్ను విల్లులా వంచి వెనక్కి పడుతుంది. ఎత్తుకుంటే దిగుతానంటుంది, దించితే ఎత్తుకోమంటుంది.

పిల్లల వైద్యుడు:
ఇద్దరిదీ నిజమే, తేడా వయసులో ఉంది. మొదటి రెండు మూడు నెలలు బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు, లోపలి గడియారం ఇంకా తయారు కాలేదు. ఆ వయసులో సాయంత్రం కునుకు ఆపి లాభం లేదు. పగలు వెలుతురు, మాటలు, రాత్రి చీకటి, తక్కువ సందడి, ఇవే మెల్లగా నేర్పుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం మూడు నెలల లోపు రోజుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల వరకు కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటలు నిద్ర అవసరం. కాస్త పెద్ద బిడ్డ ఆ కోటాను బాగా పొద్దుపోయాక వాడేసుకుంటే రాత్రి పడక ఆలస్యమవుతుంది. అప్పుడు ఈ తల్లి చేసింది సబబే.

పొద్దుతిరుగుడు:
మా బుజ్జిపాపకు ఎనిమిదో నెల. పద్యంలో చెప్పలేదు గాని.

ఊయలతాడు:
నాది చూడండి. దీని మీద ఎవరికీ సానుభూతి లేకపోతే నేను గుంపు వదిలేస్తాను.

భుజముపై నిద్రబోయిన బుడుత దీసి
యూయలందున నుంచుచు నొడలు నొడలు
బాసినంతనె కనువిచ్చె బాలు డకట
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

అర్ధరాత్రి అమ్మ:
అకట కాదు, వెయ్యి అకటలు.

సగంనిద్ర:
మా ఇంట్లో ఈ పద్యం రోజూ రాత్రి పది గంటలకు ప్రదర్శన.

నిర్వహణ:
ఇప్పటిదాకా అందరూ కావాలని లేపారు. ఇక్కడ లేపాలని లేదు, నిద్రపుచ్చే పనే లేపింది. సమస్యలోని వైరుధ్యాన్ని తీసేయకుండా అలాగే నిలబెట్టి అర్థం చెప్పడం నాకు నచ్చింది. 'తా'కు కూడా ఇక్కడే పని దొరికింది: ఎవరో శబ్దం చేసి కాదు, తానే లేపింది.

గణాలగంప:
మెచ్చుకోలు అయ్యాక చిన్న అభ్యంతరం. 'ఒడలు నొడలు బాసి' దగ్గర విభక్తి మసకగా ఉంది, ఏ ఒడలు దేన్ని బాసింది? ఇంకోటి, బుడుత, బాలుడు ఒకరే అని తెలియడానికి ఒక క్షణం పడుతుంది.

ఊయలతాడు:
ఎవరి ఒడలు ఎక్కడ ఆగుతుందో ఆ వేళలో మాకే తెలియదండీ. అందుకే అలా వదిలేశాను.

పిల్లల వైద్యుడు:
ఈ రెండో పాదాన్ని జపాన్‌లో ప్రయోగం చేసి చూశారు. రైకెన్ సంస్థలో కుమి కురోదా బృందం 2022లో 21 మంది పసిపిల్లల గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచింది. మనం అనుకునేది వీపు పరుపుకు తగలగానే లేస్తారని. వాళ్ళు చూసింది, తల్లి శరీరం నుంచి బిడ్డ శరీరం విడివడడం మొదలైనప్పుడే గుండె వేగం పెరుగుతోందని. వాళ్ళ సూచన ఇది: ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా, కుదుపులు లేకుండా అయిదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకుండా ఎత్తుకునే కూర్చుని అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగాలి. నిద్ర కాస్త ముదిరాక దించితే లేచే అవకాశం తక్కువ. ఆ కూర్చునే సమయంలో పెద్దవాళ్ళు సోఫాలో బిడ్డతో సహా నిద్రపోకూడదు, అది బోర్లా పడుకోబెట్టడం కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు.

ఊయలతాడు:
అంటే నేను దించే తొందరే దోషమా? గణదోషం కన్నా ఇది పెద్దదే.

నిర్వహణ:
గడువు రాత్రితో ముగిసింది. ఊయలతాడు పద్యాన్ని ముందు పెడుతున్నాను, తర్వాత అర్ధరాత్రి అమ్మది. సవరించిన పాదంతో కొత్తకలానిది కూడా దాచుకోదగ్గదే.

రెండోకాన్పు:
గడువు దాటిందని తెలుసు, అయినా పెడుతున్నా. లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నిదురలోననె మూల్గిన నిసుగు జూచి
తల్లడిల్లుచు నెత్తుక తట్టి తట్టి
యాగి చూచిన నదె మాను నట్టిదాని
నిదుర లేపెను తల్లి తా నిద్రపుచ్చ.

మొదటి బిడ్డప్పుడు ప్రతి మూలుగుకూ లేచేదాన్ని. రెండోదాని దగ్గర ఊయల పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, కాసేపు చూడడం నేర్చుకున్నాను. నుదురు ముడుస్తుంది, పెదవి వంకర తిప్పుతుంది, కాలు ఒకసారి ఝాడిస్తుంది, మళ్ళీ సద్దుమణుగుతుంది.

పిల్లల వైద్యుడు:
పుట్టిన కొత్తలో నిద్రలో దాదాపు సగం ఇలాంటి కదిలే నిద్రే. మూలుగు, నవ్వు, మూసిన రెప్పల కింద కనుగుడ్లు తిరగడం, అన్నీ నిద్రలోనే జరుగుతాయి. ఆగి చూడడం మంచిదే. ఏడుపు పెరుగుతుంటే మాత్రం ఎత్తుకోవాలి. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు వేడిగా ఉండి 38 డిగ్రీల సెల్సియస్ గాని అంతకు మించి గాని ఉంటే పద్యాలు పక్కన పెట్టి వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

గణాలగంప:
పసిబిడ్డకు 'నిసుగు' అన్న మాట ఎంతకాలానికి కనిపించిందో! 'అదె మానునట్టిదాని' కొంచెం బిగువుగా ఉంది గాని యతి సరిగ్గానే పడింది. నిర్వహణవారూ, గడువు సంగతి మరోసారి ఆలోచించండి.

నిర్వహణ:
ఆలోచించాను. ఊయలతాడు పద్యం పక్కనే దీన్నీ పెడుతున్నాను.

ఊయలతాడు:
పక్కనే అంటే, ఒడలు తగలకుండా పెట్టండి. మళ్ళీ విడదీస్తే నావాడు లేస్తాడు.