శ్రీలంక నుంచి మన సైన్యం వెనక్కి రావడం ప్రేమదాస వల్లా, వీపీ సింగ్ వల్లా?

గట్టుమీది చెట్టు: పొద్దున ఆరింటి నుంచి దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. ఒక పుస్తకం ప్రేమదాస పొమ్మన్నాడంటుంది, ఇంకోటి వీపీ సింగ్ పిలిపించాడంటుంది. ఏది రాయాలి? రేపే పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

రైలుకట్ట: ప్రశ్న పూర్తిగా పెట్టండి.

పాతపేపర్లు: ముందు 1987 ఒప్పందం చదవండి, మన సైన్యం అక్కడికి వెళ్లింది దాని కిందే. రాజీవ్, అప్పటి శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే జులై 29న సంతకాలు చేశారు. దాన్నుంచి వచ్చిందే అక్కడి 13వ రాజ్యాంగ సవరణ. అది ఇస్తానన్న భూమి, పోలీసు అధికారాలు అక్కడి ప్రాంతీయ మండళ్లకు ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు. తమిళులకు అసలు అన్యాయం అక్కడుంది. అది వదిలేసి సైన్యం గురించే అడుగుతారు అందరూ.

తూర్పుతీరం: తమ్ముడూ, రెండు పుస్తకాలూ సగమే చెప్పాయి. ప్రేమదాస 1989 జనవరిలో అధ్యక్షుడయ్యాడు, జూన్‌లో గడువు పెట్టాడు, జులై నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని. రాజీవ్ ఒప్పుకోలేదు. సెప్టెంబరులో రాజీ కుదిరింది, డిసెంబరు 31కల్లా తరలించడానికి ప్రయత్నిస్తామని. అప్పుడు విదేశాంగ మంత్రి మన పీవీయే. వీపీ సింగ్ వచ్చింది డిసెంబరులో. అంటే ఆయన గద్దెనెక్కేసరికే దారి పడింది, ఆయన దాన్ని సాగదీయకుండా ముగించాడు. చివరి దళం 1990 మార్చి 24న ఓడెక్కింది.
మా చిన్నాన్న జాఫ్నాలో ఉన్నారు. '56 ఏపీఓ' అనే సైనిక తపాలా ముద్రతో వచ్చిన నీలం ఇన్‌లాండ్ లెటర్ పిన్ని ఇంకా దాచింది. 'సంక్రాంతికి ఇంట్లో ఉంటా' అని ఉంటుంది. ఉగాదికి గానీ రాలేదు. దాదాపు 1200 మంది రానే లేదు.

పాతపేపర్లు: మన సైన్యాన్ని 'శాంతి సేన' అని రాయొద్దు, 'శాంతి పరిరక్షక దళం' అనాలి.

రైలుకట్ట: పేపర్లన్నీ శాంతి సేన అనే రాశాయి.

పాతపేపర్లు: పేపర్లు రాస్తే సరైపోదు. యుద్ధం చేసిన దళాన్ని సేన అంటే ఒప్పందంలో దాని పని ఏమిటో తెలీకుండా పోతుంది.

గట్టుమీది చెట్టు: ప్రశ్న ఇదీ: 'నాయకత్వ మార్పు విదేశాంగ విధానాన్ని ఎంతవరకు మారుస్తుంది? ఒక ఉదాహరణతో చర్చించండి.'

తూర్పుతీరం: ఇది మొదటే చెప్పాల్సింది! అయితే ఇద్దరినీ రాయి. కొలంబోలో మనిషి మారాక మన సైన్యం అక్కడ ఉండే ఆధారమే పోయింది. ఢిల్లీలో మనిషి మారాక పట్టుదల పోయింది. 1990 జూన్‌లో ఎల్టీటీఈకీ శ్రీలంక సైన్యానికీ మళ్లీ యుద్ధం మొదలైందన్న ముక్క మరవకు.

రైలుకట్ట: తిరిగొచ్చిన సైన్యానికి మద్రాసులో ఇచ్చిన స్వాగతానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. అదీ రాయాలి.

పాతపేపర్లు: అది రాష్ట్ర రాజకీయం, విదేశాంగ విధానం కాదు.

రైలుకట్ట: రెండిటికీ సంబంధం లేదంటారా?

గట్టుమీది చెట్టు: థాంక్స్ అన్నా, రాసేస్తున్నా.