కన్నుకు కన్ను: యూదులు అక్షరాలా పాటిస్తారా?

ప్రశ్న (కాజీపేట): మా బైబిల్ స్టడీలో ‘కన్నుకు కన్ను’ అన్న మాటమీద పెద్ద వాదన అయింది. యూదులు దాన్ని ఉన్నదున్నట్టే పాటిస్తారని ఒకాయన గట్టిగా అన్నాడు, నాకైతే నమ్మకం కుదరలేదు. నిజమేనా అన్నా?

జవాబు: కాదు తమ్మీ. యూదుల ధర్మ చర్చల గ్రంథం తల్ముద్‌లో, నష్టపరిహారాల గురించిన బవా కమ్మా భాగం చదువు. గుడ్డివాడు ఇంకొకరి కన్ను పొడిస్తే వాడి నుంచి ఏం తీసుకుంటారని అక్కడ అడుగుతారు, చివరికి డబ్బే కట్టాలని తేలుస్తారు: నష్టం, నొప్పి, వైద్యం, పోయిన కూలి, అవమానం, ఐదింటికీ లెక్క కట్టి మరీ.

ఇంకొకరు (హన్మకొండ): అట్లయితే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకోవచ్చా?

జవాబు: తోచినట్టు కాదండీ, దానికి పరంపర ఉంది. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి, వాక్యం నేరుగా చెప్పేదాన్ని చాలా పట్టించుకున్నాడు. 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడీస్, బైబిల్లో దేవుడి చెయ్యి అంటే శరీరం కాదని పట్టుబట్టాడు. తల్ముద్‌లో ఉన్నలాంటి మౌఖిక ధర్మాన్ని (నోటి మాటగా వచ్చిన బోధను) ఒప్పుకోని యూదు శాఖ కారాయిట్లలో పాతవాళ్ళు మాత్రం సబ్బాతు (విశ్రాంతి దినం) రోజు నిప్పు వద్దన్న మాటను పట్టుకుని, ముందే వెలిగించిన దీపం కూడా ఉండొద్దన్నారు. నాకు మాత్రం ఆ ఐదు లెక్కల్లోనే ఎక్కువ న్యాయం కనిపిస్తుంది.