రీప్లేస్ ఆల్ నొక్కాలా, ఒక్కొక్కటీ చూసి మార్చాలా?

ఆచంట డీటీపీ
దగ్గర్లోని ఓ సొసైటీ వాళ్ల వార్షిక నివేదిక టైప్ చేశానండి, 38 పేజీలు. ప్రూఫ్ చూసిన పెద్దాయన "చేలో ఉన్నంతవరకే వరి, కాటా మీదికొచ్చాక ధాన్యం. కొనుగోళ్ల దగ్గరంతా మార్చు బాబూ" అన్నారు. కంట్రోల్ హెచ్ కొట్టి, వరి బదులు ధాన్యం పెట్టి, రీప్లేస్ ఆల్ నొక్కేశా. సేవ్ చేసి, మూసేసి, ప్రింటు తీశా. అట్ట మీదే "పశ్చిమ గోదాధాన్యం జిల్లా"! లోపల జనధాన్యం, ఫిబ్రధాన్యం. "ఎవరికి ఎంత బాకీ" అన్న పట్టిక "ఎధాన్యంకి ఎంత బాకీ" అయి కూర్చుంది. ఫైల్ మూసేశాను కాబట్టి, చేసింది వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ కూడా పనికిరాలేదు. అసలు ఆ బటనే ఉండకూడదంటాను. మీరేమంటారు?

భీమవరం కోడర్
బటన్ ఏం చేసిందండీ పాపం. వ, ర, గుడి వరసగా కనిపిస్తే దానికి అది వరే. నదో, నెలో దానికేం తెలుసు? వందల ఫైళ్లలో ఒక పేరు మార్చాలంటే నేను ఒక్కొక్కటీ చూస్తూ కూర్చోలేను. అంత భయమైతే విమ్ అనే ఎడిటర్ వాడండి, మార్పు ఆదేశం చివర జీ పక్కన సీ తగిలిస్తే ప్రతి చోటా ఆగి అడుగుతుంది.

అమలాపురం నుంచి
"పూర్తి పదం" టిక్ పెట్టుంటే విడిగా ఉన్న వరి మాత్రమే మారి, గోదావరి బతికేది కదండీ.

రాజోలు మాస్టారు (రిటైర్డ్)
గోదావరి బతికేదమ్మా, కానీ వరిని, వరికి, వరితో అన్నవి మారకుండా మిగిలిపోయేవి. మన విభక్తులు మాటకి అతుక్కునే వస్తాయి, ఇంగ్లీషులోలా విడిగా నిలబడవు. ఇంకో చిక్కు చెబుతాను. 2015లో పేరు మారాక, మా పాత విద్యార్థుల సంఘం కాగితాల్లో రాజమండ్రి తీసి రాజమహేంద్రవరం పెట్టారు. "రాజమండ్రిలో" ఇబ్బంది లేకుండా మారింది. "రాజమండ్రికి" మాత్రం "రాజమహేంద్రవరంకి" అయింది. రాజమహేంద్రవరానికి అనాలి కదా! రాజమండ్రిని కాస్తా రాజమహేంద్రవరంని. చదువుతుంటే పంటి కింద రాయి పడ్డట్టుంది. అందుకే ఒక్కొక్కటీ చూడాల్సిందే అంటాను.

భీమవరం కోడర్
మాస్టారూ, ఆ మాట ఒప్పుకుంటాను. పూర్తి పదం మీద కూడా నాకు నమ్మకం లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, మాటలు వెతికే మామూలు ఆర్ఈ మాడ్యూల్‌కి గుణింతపు గుర్తులు అక్షరాల లెక్కలోకే రావు. గోదావరిలో "దా" దీర్ఘం దగ్గరే మాట తెగిపోయిందనుకుంటుంది. అయినా రాజమండ్రికి, రాజమండ్రిని లాంటి రూపాలు నాలుగైదుంటాయి. పొడవైన రూపాలు ముందు ఒక్కోటిగా మార్చి, ఉత్త రాజమండ్రిని ఆఖర్న మార్చితే పోలేదా? అప్పుడు రీప్లేస్ ఆల్ నొక్కినా ఢోకా లేదు.

అమలాపురం నుంచి
ఆచంట వారి పనికి అంత కూడా అక్కర్లేదు. వెతకాల్సింది వరి కాదు, "వరి కొనుగోలు". ముందు ఒక ఖాళీ కలిపి వెతికితే మరీ మంచిది. నేనైతే ముందు అన్నీ వెతికించి ఎన్ని దొరికాయో చూస్తాను. ఇరవై ఉండాల్సిన చోట రెండొందలు దొరికితే చెయ్యి ఆగిపోతుంది.

రాజోలు మాస్టారు (రిటైర్డ్)
బాగుందమ్మా. అయినా ఆఖర్న మనిషి ఒకసారి చదవకుండా అచ్చుకి పంపకూడదు. ఇందులో నేను తగ్గను.

ఆచంట డీటీపీ
ఆయ్, అలాగే చేశానండి. పాత కాపీ పెన్‌డ్రైవ్‌లో దొరికింది, ఖాళీ కలిపి వెతికితే సరిగ్గా 23 వచ్చాయి, అన్నీ మార్చేశాను. పాడైన కాపీ కూడా ఊరికే తెరిచి చూశాను. రెండో పేజీ పైన, ప్రూఫ్ తర్వాత నేనే వేసిన "సవరించిన ప్రతి" అన్న ముద్ర ఉంటుందా, అది "సధాన్యంంచిన ప్రతి" అయి ఉంది.