ఓణీల వేడుక కార్డులకు రబ్బరు స్టాంపులు: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు?

తోరణం (వేళచ్చేరి, చెన్నై):

అందరికీ నమస్కారం. మా అక్క కూతురి ఓణీల వేడుక మాఘమాసంలో జరగబోతోంది. ఆహ్వానపత్రాలు ప్రెస్సులో వేయించవద్దని, నా చేతులతో నేనే చేసి ఇస్తానని అక్కకు మాట ఇచ్చాను. మొత్తం 120 కార్డులు కావాలి. ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) తెల్ల అట్ట కొని, ఏ6 కొలతకు, అంటే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తుకు కోయించి తెచ్చుకున్నాను. పైన మామిడాకుల తోరణం, దాని కింద "శ్రీరస్తు శుభమస్తు" అన్న అక్షరాలు, అడుగున బంగారు రంగులో ఉబ్బెత్తుగా తేలిన తామరపువ్వు ఉండాలన్నది నా కోరిక.

బొమ్మల కోసం ఆన్‌లైన్‌లో పారదర్శకమైన ఫోటోపాలిమర్ (కాంతితో గట్టిపరచిన మెత్తని ప్లాస్టిక్ వంటి పదార్థం) స్టాంపులు తెప్పించాను. వాటిని యాక్రిలిక్ దిమ్మకు అంటించి నల్ల ఇంకు పట్టిస్తే, ఇంకు తామరాకు మీద నీటిబొట్టులా ఎక్కడికక్కడ నిలిచిపోతోందే తప్ప పరుచుకోవడం లేదు. కార్డు మీద ఆకుల నడుమ తెల్లమచ్చలు మిగిలిపోతున్నాయి. పోనీ అని రెండోసారి అద్దితే బొమ్మ వెంట్రుకవాసి పక్కకు జరిగి, ప్రతి గీతా రెండు గీతలుగా పడుతోంది. వేడి తగిలితే కరిగి ఉబ్బెత్తుగా గట్టిపడే బంగారు ఎంబాసింగ్ పొడితో ఇంకా బాధగా ఉంది. తామరపువ్వు చుట్టూ ఇసుక చల్లినట్టు రేణువులు అతుక్కుపోయి, హీట్ గన్ (వేడిగాలి చిమ్మే పరికరం) చూపించగానే ఎక్కడివక్కడే కరిగి గట్టిపడుతున్నాయి. ఇప్పటికి 14 కార్డులు పాడయ్యాయి.

కార్డునూ స్టాంపునూ కదలకుండా పట్టి ఉంచే మిస్టీ వంటి స్టాంపింగ్ ప్లాట్‌ఫామ్ కొంటే ఈ కష్టాలు తీరుతాయా, లేక ఇంకు మార్చాలా? తెలుగు అక్షరాల స్టాంపు తయారుగా నాకెక్కడా దొరకలేదు. దాన్ని ఎలా చేయించుకోవాలో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మల్లేశ్వరం కాగితం (బెంగళూరు):

తోరణం గారూ, మీ స్టాంపులో లోపమేమీ లేదు, దిగులుపడకండి. కొత్త ఫోటోపాలిమర్ ముఖం మీద తయారీలో మిగిలిన సన్నని పొర ఒకటి ఉంటుంది, అది ఇంకును నిలవనివ్వదు. పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరును తీసుకొని, బలం పెట్టకుండా, స్టాంపు ముఖం మెరుపు తగ్గి కాస్త మసకబారేవరకు రుద్దండి. గరుకు కాగితం మాత్రం ముట్టుకోవద్దు, ఆకుల ఈనెలు అరిగిపోతాయి.

ఇంకు సంగతికి వస్తే, మెమెంటో వంటి డై ఇంకు కాగితంలోకి ఇంకి త్వరగా ఆరుతుంది, దాని మీద ఆల్కహాల్ మార్కర్లతో రంగులు నింపినా గీత చెదరదు. అయితే నిండు ఆకుల వంటి పెద్ద ఆకారాల్లో ఎక్కువ తక్కువలు కనబడతాయి. వెర్సాఫైన్ వంటి పిగ్మెంట్ ఇంకు కాగితం పైపొర మీద నిలుస్తుంది కాబట్టి ఈనెలు కూడా కత్తిరించినట్టు వస్తాయి, కాని ఆరడానికి సమయం ఇవ్వాలి. మీ తోరణానికి నేనైతే వెర్సాఫైనే వాడతాను. స్టేజాన్ అనే ఇంకు గాజుకూ ప్లాస్టిక్‌కూ మంచిది, అట్టకు దాని అవసరం లేదు; పైగా దాన్ని తుడిచే ఘాటైన క్లీనర్ ఫోటోపాలిమర్‌ను పాడుచేస్తుంది. మీ స్టాంపులకు మంచినీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బు చాలు. అంటుకునే గుణం తగ్గినా అదే కడుగుడుతో తిరిగి వస్తుంది. ఎండ తగిలేచోట ఉంచితే పసుపుబారి గట్టిపడతాయి కాబట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ప్లాట్‌ఫామ్ కొనమనే నా సలహా. కార్డును మూలకు ఆనించి అయస్కాంతాలతో బిగిస్తాం, స్టాంపు పైనున్న పారదర్శక తలుపుకు అంటుకొని ఉంటుంది, పుస్తకం మూసినట్టు మూసి నొక్కుతాం. ఎక్కడైనా ఇంకు చాలకపోతే మళ్లీ పట్టించి మూస్తే సరిగ్గా అదే గీత మీద పడుతుంది. మిస్టీతో వచ్చే పలుచని ఫోమ్ షీటును పారదర్శక స్టాంపులకు అడుగున ఉంచాలి. వెనుక మెత్త ఉన్న మందపాటి ఎర్ర రబ్బరు స్టాంపులకు దాన్ని తీసేయాలి. చాలామంది ఇక్కడే పొరబడి పరికరాన్ని తప్పుపడతారు.

పెడన అచ్చు (జయనగర్, బెంగళూరు):

పైవారు చెప్పినదంతా నిజమే కాని, ప్లాట్‌ఫామ్ విషయంలో నాది వేరే మాట. మాది పెడన. మా ఇంట టేకు అచ్చులతో కలంకారీ అద్దకం చూస్తూ పెరిగాను. అద్దకపు బల్ల మీద గుడ్డలు పొరలు పొరలుగా పరిచి మెత్తగా చేసిన తర్వాతే బట్ట పరుస్తారు. గట్టి బల్ల మీద ఎంత బలంగా గుద్దినా అచ్చు నడుమ రంగు పడదు. మీ తెల్లమచ్చల్లో సగానికి కారణం ఇదేనని నా నమ్మకం. కార్డు కింద పాత మౌస్ ప్యాడ్ ఒకటి పెట్టి, దిమ్మను ఊపకుండా, అరచేతి మడమతో నిలువుగా నొక్కి, ఒక్క క్షణం ఆగి నిలువుగానే ఎత్తి చూడండి. కార్డు కదలకుండా ఉండడానికి బల్ల మీద రెండు అట్టముక్కలను మూలమట్టంగా అతికిస్తే ప్రతి కార్డూ ఒకే చోట ఆనుతుంది. ఖర్చు లేని పని కాబట్టి ముందుగా ఇది చేసి, అప్పటికీ కుదరకపోతే ప్లాట్‌ఫామ్ కొనండి.

మల్లేశ్వరం కాగితం (బెంగళూరు):

మౌస్ ప్యాడ్ మాటను నేనూ ఒప్పుకుంటాను. అయితే చేయి ఎంత నిలకడగా ఉన్నా, నిండు ఆకులకు రెండోసారి ఇంకు పట్టించవలసి వస్తే గీత మీద గీత పడడం దిమ్మతో సాధ్యం కాదు. తోరణానికి ప్లాట్‌ఫామ్, తామరకు దిమ్మ అనుకుంటే మధ్యేమార్గంగా ఉంటుంది.

ముద్రల మాస్టారు (పెరంబూరు, చెన్నై):

అమ్మా, తెలుగు అక్షరాల గురించి నాకు తెలిసినది చెబుతాను. 30 ఏళ్లకు పైగా రబ్బరు స్టాంపులు చేసినవాణ్ణి. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరచే పద్ధతి కనిపెట్టాడు; మా వృత్తి అంతా ఆ పునాది మీదే నిలిచింది. మా రోజుల్లో సీసపు అక్షరాలు కూర్చి, వాటి నుంచి అచ్చుగుంట తీసి, దాని మీద రబ్బరు షీటు పెట్టి సుమారు 150 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ప్రెస్సులో బిగించేవాళ్లం. ఇప్పుడు లేజరుతో రబ్బరును చెక్కుతున్నారు, లేదా నెగెటివ్ గుండా అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి పాలిమర్‌ను గట్టిపరుస్తున్నారు.

మీరు ఏ దుకాణానికి వెళ్లినా టైపు చేసిన అక్షరాల ఫైలు ఇవ్వకండి. వారి కంప్యూటరులో ఆ తెలుగు ఫాంటు లేకపోతే "శ్రీ"లోని రవత్తు విడిపోయి పక్కన పడుతుంది, "స్తు"లోని తవత్తు ఎగిరిపోతుంది. తెలుగు చదవలేనివారికి ఆ తప్పు కంటికి ఆనదు. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ చేసి ఇవ్వండి. తలకట్టు, గుడి, వత్తు ఉన్న అక్షరాలను 6 మిల్లీమీటర్ల కన్నా చిన్నవిగా పెడితే లోపలి ఖాళీలు ఇంకుతో పూడిపోతాయి. ముఖ్యంగా "భ" అడుగుగీతను చూసుకోండి, అది పడకపోతే శుభమస్తు కాస్తా శుబమస్తు అవుతుంది, అది శుభకార్యపు కార్డు కదా. అద్దంలో బొమ్మలా తిప్పడం దుకాణంవారే చేస్తారు కాబట్టి మీరు తిప్పి ఇవ్వవద్దు. ఆఫీసు స్టాంపు ప్యాడు ఇంకు కాగితపు పీచుల్లోకి పాకుతుంది, దాన్ని ఈ పనికి వాడకండి.

కెరటం (బీసెంట్ నగర్, చెన్నై):

బంగారు పొడి చుట్టూ అతుక్కోవడానికి కారణం కార్తీకమాసపు వాననీటి గాలిని మీ అట్ట పీల్చుకొని ఉండడమే. సముద్రం పక్కన ఉండే మాకు ఇది ప్రతి ఏడూ అనుభవమే. అద్దబోయే ముందు కార్డును హీట్ గన్‌తో అర నిమిషం ఆరబెట్టి చల్లారనివ్వండి. తర్వాత పలుచని గుడ్డలో మొక్కజొన్న పిండి మూటకట్టి కార్డంతా ఒకసారి తట్టండి. వేలి ముద్రల జిడ్డు కూడా అణగిపోతుంది. వెర్సామార్క్ వంటి నెమ్మదిగా ఆరే ఇంకుతో తామరను అద్ది, పొడి చల్లి, కార్డును నిలువుగా పట్టుకొని వెనుక నుంచి వేలితో కొట్టి దులపండి. హీట్ గన్‌ను ముందు కొన్ని క్షణాలు గాలిలో వేడెక్కనిచ్చి అప్పుడు కార్డు వైపు తిప్పితే, పొడి ఎగిరిపోకుండా గరుకుదనం పోయి, నెయ్యి కరిగినట్టు ఒక్కసారిగా మెరుస్తుంది, మెరవగానే తీసేయాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు దీనికి పనికిరాదు, అందులో వేడి తక్కువ, గాలి ఎక్కువ.

మరో ముఖ్యమైన మాట. ముందు బంగారు తామర పూర్తిచేసి, తర్వాతే నల్ల తోరణం అద్దండి. వెర్సాఫైన్ పచ్చిగా ఉండగా పొడి చల్లితే అది తోరణానికి కూడా పట్టుకుంటుంది.

తోరణం (వేళచ్చేరి, చెన్నై):

అందరికీ మనసారా కృతజ్ఞతలు. నిన్న రాత్రి తెల్ల రబ్బరుతో రుద్దాక ఇంకు మొదటిసారి సమంగా పరుచుకుంది. మౌస్ ప్యాడ్ మీద పది కార్డులు అద్దితే ఏడింటిలో తోరణం నిండుగా వచ్చింది. మిగిలిన మూడింటిలో ఎడమవైపు చివరి ఆకు పలచబడింది. 120 కార్డుల్లో ఈ లెక్కన పోగొట్టుకోలేను కాబట్టి తోరణం వరకు ప్లాట్‌ఫామ్ తెప్పించాలని నిర్ణయించుకున్నాను. పిండిమూట వేసిన కార్డులో తామర చుట్టూ ఒక్క రేణువు కూడా లేదు, అక్క చూసి రేకుల మీద వేలితో తడిమి తడిమి మురిసిపోయింది.

మాస్టారు గారూ, పీడీఎఫ్ తీసుకొని ప్యారీస్ కార్నర్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. ప్రూఫులో "శ్రీ" చక్కగానే ఉంది కాని, మీరు చెప్పినట్టే "భ" అడుగుగీత మరీ సన్నగా కనిపించింది. దాన్ని లావుచేసి ఇంటి నుంచి మళ్లీ పంపాను, బుధవారానికి స్టాంపు ఇస్తామన్నారు.