సిటీకీ హైవేకీ ఒకే ఆటోమేటిక్ బండి: ఏ గేర్‌బాక్స్ తీసుకోవాలి?

మూసీగట్టు:
అందరికీ నమస్కారం. ఇల్లు మియాపూర్, ఆఫీసు గచ్చిబౌలి. రోజూ కొండాపూర్ మీదుగా వెళ్లి రావాలి, సాయంత్రమైతే సగం దారి నడక వేగమే. నెలకోసారి కోదాడ దగ్గర మా ఊరికి వెళ్తాం. సుమారు 180 కిలోమీటర్లు, నలుగురం, డిక్కీ నిండా సామాను. అమ్మానాన్నలకు శ్రీశైలం అంటే ప్రాణం కాబట్టి నల్లమల ఘాట్ కూడా తప్పదు. ఇప్పుడున్నది మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేస్తోంది. మా సెల్లార్ పార్కింగ్‌లో నాలుగు మీటర్లు దాటిన బండి పట్టదు. ఆన్‌రోడ్ 15 లక్షల వరకు పెట్టగలను. షోరూమ్‌లో ఏది అడిగినా "ఇదీ ఆటోమేటికే సార్" అంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి, అసలు తేడా ఎక్కడ తెలుస్తుంది?

బెజవాడబండి:
మూసీగట్టు గారూ, కంపెనీ పేరు చూడకముందే గేర్‌బాక్స్ తేల్చుకోండి. మీ వాడకానికి సగం జవాబు అక్కడే ఉంది.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు ఒక యంత్రం చేస్తుంది. ధర తక్కువ, మైలేజీ దాదాపు మాన్యువల్ లాగే ఉంటుంది. కాకపోతే గేరు మారే క్షణంలో లాగుడు ఆగి బండి చిన్నగా ఊగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది ఆయిల్. ట్రాఫిక్‌లో పాకినంతసేపూ అరిగే క్లచ్ పళ్లెం ఉండదు కాబట్టి ఆ పని దానికి బరువనిపించదు. డీసీటీలో రెండు క్లచ్‌లు. మూడో గేరులో వెళ్తుంటే నాలుగోది అప్పటికే సిద్ధంగా ఉంటుంది, అందుకే హైవే మీద అంత చురుకు. సీవీటీలో మెట్లలాంటి గేర్లు లేవు, బెల్టూ పుల్లీలే. సిటీలో చాలా మెత్తగా పోతుంది. గట్టిగా తొక్కితే మాత్రం ముందు ఇంజిన్ మోత వినిపించి తర్వాత వేగం వస్తుంది.

నేను మారుతి బ్రెజా ఆటోమేటిక్ నడుపుతున్నాను, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం పూట కూడా చిరాకు లేకుండా ఇంటికి చేరుతున్నాను. మీ మోకాలి సంగతి విన్నాక నా సలహా టార్క్ కన్వర్టరే.

గాజువాక:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ డీసీటీని అంత త్వరగా పక్కన పెట్టొద్దు. మాది టర్బో పెట్రోల్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి బలం పెంచే రకం), ఏడు గేర్ల డీసీటీ. విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు, రాజమండ్రి వైపు తరచూ వెళ్తుంటాను. లారీని దాటాలని కాలు నొక్కితే రెండో ఆలోచన లేకుండా దూకుతుంది. హైవే ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ సుఖమే వేరు.

పాతబస్తీ_చక్రాలు:
అన్నా, హైవే వరకు నిజమే. ఆయన రోజూ తిరిగేది కొండాపూర్‌లో కదా. నా వెనకటి బండి కూడా డీసీటీయే, కంపెనీ పేరు ఎందుకులే. ఎండాకాలం, ఫ్లైఓవర్ ఎక్కుడు మీద జామ్, అంగుళం అంగుళం కదులుతుంటే గేర్‌బాక్స్ వేడెక్కిందని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. వెనక హారన్లు, లోపల చిన్నపిల్ల. ఆ టెన్షన్ చెప్పలేను. పక్కకు తీసి చల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. మన దగ్గర ఈ సైజు బండ్లలో కొన్నింటికి వచ్చే డీసీటీలు డ్రై క్లచ్‌వి. వాటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు, గాలే దిక్కు. క్లచ్ సగం పట్టి సగం వదిలి పాకినంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది.

గాజువాక:
అది ఒప్పుకుంటాను. దానికో పద్ధతి ఉంది. ముందున్న బండికీ మనకూ మధ్య ఖాళీ ఏర్పడనిచ్చి ఒక్కసారిగా కదలాలి, లేదంటే బ్రేకు పూర్తిగా తొక్కి ఆగాలి. పాకించకూడదు.

పాతబస్తీ_చక్రాలు:
హైదరాబాద్‌లో ఖాళీ వదిలితే రెండు ఆటోలు, నాలుగు బైకులు దూరతాయి అన్నా. రోజూ ఆ లెక్కలు వేసుకుంటూ నడపాల్సి వస్తే ఆటోమేటిక్ ఎందుకు కొన్నట్టు?

ఘాట్‌రోడ్డు:
శ్రీశైలం గురించి నేను చెబుతాను, ఆ దారి నాకు బాగా అలవాటు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు కాబట్టి అందరూ పగలే వెళ్తారు, సెలవుల్లో రద్దీ ఎక్కువ. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగుడు, అవతల మళ్లీ ఎక్కుడు, మధ్యలో హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ బస్సు వెనక చిక్కుకుంటే ఎక్కుడులో ఆగి ఆగి కదలాలి.

ఏఎంటీ నడిపేవాళ్లు చాలామంది ఎక్కుడులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడతారు. అది క్లచ్‌ను కాల్చే పని. డీసీటీకీ ఇదే వర్తిస్తుంది. బ్రేకు తొక్కి ఆగండి, కదిలేటప్పుడు హిల్ హోల్డ్ అనే ఏర్పాటు బండి వెనక్కి జారకుండా రెండు మూడు సెకన్లు పట్టి ఉంచుతుంది. మీరు కొనే వేరియంట్‌లో అది ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

దిగేటప్పుడు మాత్రం ఏ ఆటోమేటిక్ అయినా డీ (డ్రైవ్)లో వదిలేయకండి. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరుకు వస్తే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. సీవీటీ అయితే ఎల్ (లో) మోడ్. బ్రేకు మీదే కాలు పెట్టి కిందిదాకా దిగితే ప్యాడ్లు కాలి వాసన వస్తాయి, ఆ తర్వాత బ్రేకు పట్టదు. ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించుకుని వెళ్లే దారి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మూసీగట్టు:
చాలా ఉపయోగపడే విషయాలు, అందరికీ ధన్యవాదాలు. డీజిల్ సంగతి ఏమిటి? ఊరి దారి కోసం అదే మేలని మా బావగారు అంటున్నారు.

ఓరుగల్లు_డీజిల్:
మీ బావగారు చెప్పింది హైవే వరకు సరైనదే. కియా సోనెట్‌లో 1.5 లీటర్ల డీజిల్‌కు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఇస్తారు, 250 ఎన్ఎం టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం. నిండా మనుషులున్నా ఆ బరువు తెలియదు. మహీంద్రా 3ఎక్స్ఓ డీజిల్‌లో 300 ఎన్ఎం ఉంది, కానీ దానికి వచ్చేది ఏఎంటీ. కొనేముందు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

అయితే బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి వేగంలో పోవాలి. రోజూ ట్రాఫిక్‌లో పది కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే మసి పేరుకుని లైటు వెలుగుతుంది. మీరు నెలకోసారే ఊరికి వెళ్తున్నారు. డీజిల్ తీసుకుంటే వారం పది రోజులకోసారైనా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి తిప్పాలి. అందుకు సిద్ధమైతేనే తీసుకోండి. నేను వారంలో ఎక్కువ రోజులు వరంగల్, హైదరాబాద్ మధ్య తిరుగుతాను కాబట్టి నాకు ఆ బాధ లేదు.

సీమబిడ్డ:
టర్బో పెట్రోల్‌కు టార్క్ కన్వర్టర్ ఉన్న బండ్లు చూడండి, మీ రెండు అవసరాలూ అక్కడే కలుస్తాయి. స్కోడా కైలాక్ 1.0 టర్బో, 115 పీఎస్ పవర్, 178 ఎన్ఎం టార్క్. మారుతి ఫ్రాంక్స్ 1.0 టర్బో, 100 పీఎస్. 3ఎక్స్ఓ 1.2 టర్బో. మూడింటికీ ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ దొరుకుతుంది. మాది కైలాక్. కర్నూలు నుంచి బెంగళూరు, ఎన్‌హెచ్ 44 మీద వంద దగ్గర నిమ్మళంగా పోతుంది. డిక్కీ 446 లీటర్లు, ఊరి నుంచి బియ్యం బస్తా, ఊరగాయ జాడీలు తెచ్చుకునేవాళ్లకు అది పెద్ద సంగతే.

మన హైవేల మీద 140 ఎవరికీ అక్కర్లేదు. కుడి లేన్‌లో లారీ, ఎడమ పక్క ఎదురొచ్చే బైకు, మీరు అరవైకి తగ్గి మళ్లీ తొంభైకి రావాలి. ఆ అరవై నుంచి తొంభై ఎంత హాయిగా వస్తుందన్నదే హైవే బండికి పరీక్ష. టర్బో లేని ఇంజిన్ కూడా చేరుస్తుంది, కానీ గేర్లు దించి గట్టిగా తిప్పాలి. నలుగురితో వెళ్లేటప్పుడు ఓవర్‌టేక్ ముందుగా ఆలోచించుకోవాలి.

బెజవాడబండి:
బ్రెజా మీద ఆ మాట న్యాయమే. అందులో టర్బో లేదు, 103 పీఎస్. నేను నింపాదిగా నడిపే మనిషిని కాబట్టి సరిపోయింది. ఇంకొకటి కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకపోతే 18 శాతం. బ్రెజా పొడవు సరిపోయినా ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 40 శాతం పడుతుంది. ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మూసీగట్టు:
ఆదివారం మూడు నడిపి చూశాను. ఏఎంటీ ఒకటి, టార్క్ కన్వర్టర్ టర్బోలు రెండు. షోరూమ్ వాళ్లు చూపించిన ఖాళీ రోడ్డు మీద మూడూ బాగానే ఉన్నాయి. పట్టుబట్టి కొత్తగూడ జంక్షన్ వైపు తీసుకెళ్లాక తేడా తెలిసింది. ఏఎంటీలో గేరు మారే ముందు కాలు కొంచెం ఎత్తితే ఊపు తగ్గుతోంది కానీ, నా భార్యకు అది నచ్చలేదు. టార్క్ కన్వర్టర్‌లో బ్రేకు వదిలితే చాలు, బండి తనంతట తాను పాకింది. ఇక ఆ రెండు టర్బోల్లో ఏదో ఒకటి. వెనక సీటు ఎలా చూడాలి?

ఘాట్‌రోడ్డు:
సెల్లార్ ర్యాంపు మీద సగంలో ఆపి, మళ్లీ కదిలించి చూడండి, ఏసీ ఫుల్ పెట్టి, నలుగురు కూర్చుని. వెనక సీటు కొలతలు చూసి తేల్చేది కాదు, అమ్మానాన్నలను షోరూమ్‌కు తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సీటు ఎత్తు, తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందన్నది ముఖ్యం. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక కూర్చున్నవాళ్లనే అడగండి, ముందు సీట్లో ఆ కుదుపు తెలియదు.

మూసీగట్టు:
రెండు బండ్లూ ఈసారి ఇంటికే తెమ్మన్నాను. అమ్మ వెనక సీట్లో, నేను ర్యాంపు మీద. ఆమె ఏది బాగుందంటే అదే బుక్ చేస్తాను.