యాక్సెంట్ మీద ఫిర్యాదు చేశాక పిఐపి (పనితీరు మెరుగుపరుచుకోమని ఇచ్చే ప్లాన్) ఇచ్చారు: టెక్సాస్‌లో ఇది రిటాలియేషన్ (కక్షసాధింపు) కిందికి వస్తుందా?

డాలస్_ఐటీ:
హెచ్-1బి మీద డాలస్ దగ్గర ఓ ఐటీ కంపెనీలో పని. 600 మందికి పైనే ఉంటాం. మా మేనేజర్ క్లయింట్ కాల్స్ నుంచి నన్ను తప్పించి, నా యాక్సెంట్ ఎవరికీ అర్థం కావడం లేదని టీమ్ అందరి ముందూ అన్నాడు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. నెల తిరక్కుండానే పిఐపి చేతిలో పెట్టారు. అంతకుముందు రివ్యూ బాగానే ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టాలా? ఎట్-విల్ రాష్ట్రంలో ఏం చేసినా లాభం లేదని కొలీగ్స్ అంటున్నారు. తీసేస్తే వీసా సంగతేంటి?

కార్మికచట్టం:
ఎట్-విల్ అంటే కారణం చెప్పకుండా తీసేయొచ్చని మాత్రమేనండీ, చట్టం వద్దన్న కారణంతో తీసేయొచ్చని కాదు. 1964 సివిల్ రైట్స్ యాక్ట్‌లోని టైటిల్ 7 టెక్సాస్‌లోనూ వర్తిస్తుంది, కంపెనీలో 15 మంది ఉంటే చాలు. పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపడం ఒకటి, దాని మీద ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం ఇంకొకటి. మొదటిది రుజువు కాకపోయినా రెండోది నిలబడవచ్చు.

అసలు కీలకం మీ మెయిల్లో ఏం రాశారన్నది. "మేనేజర్ అమర్యాదగా మాట్లాడుతున్నారు" అని మాత్రమే రాసి ఉంటే దానికి రక్షణ లేదు. చాలామంది కేసులు పోయేది ఇక్కడే. నేషనల్ ఆరిజిన్ డిస్క్రిమినేషన్ (పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష) గురించే ఫిర్యాదు అని స్పష్టంగా తెలియాలి. లేకపోతే ఈ రోజే ఇంకో మెయిల్ పెట్టండి: ఏ తేదీన, ఏ మీటింగ్‌లో, ఎవరెవరి ముందు, అచ్చంగా ఏ మాట అన్నాడు, దాన్ని వివక్షగా ఎందుకు అనుకుంటున్నారు, ఫిర్యాదు తర్వాతే పిఐపి వచ్చిందని. పది లైన్లు చాలు. కోపం వద్దు, విశేషణాలు వద్దు.

సంతకం పెట్టండి. పెట్టకపోతే మాట వినలేదని దాన్నే కారణం చేస్తారు. సంతకం పక్కన "అందింది, అంగీకరించడం లేదు" అని ఇంగ్లీషులో రాసి, పాయింట్ల వారీ జవాబు విడిగా పంపండి.

యాక్సెంట్ వల్ల పనికి నిజంగా గట్టి ఆటంకం ఉంటే తప్ప కంపెనీ దాన్ని సాకుగా వాడుకోకూడదు. కాబట్టి క్లయింట్లు మిమ్మల్ని మెచ్చుకున్న మెయిల్స్ ఏ తేదీవో, ఎవరు రాశారో మీ సొంత నోట్స్‌లో రాసిపెట్టుకోండి. కంపెనీ రహస్య ఫైళ్లు మాత్రం పర్సనల్ మెయిల్‌కి ఫార్వర్డ్ చేయకండి. రేపు కోర్టులో అదే మీకు ఎదురుతిరుగుతుంది.

ఒక హెచ్చరిక కూడా: పిఐపి ఒక్కటే చూపిస్తే చాలదని టెక్సాస్ ఫెడరల్ కోర్టులు చాలాసార్లు అన్నాయి. ఫిర్యాదు లేకపోతే ఉద్యోగం పోయేది కాదని నిరూపించాలని 2013లో నాసర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నెలలోపే జరగడం బలమే కానీ, పాత రివ్యూ, అదే తప్పు చేసినా పిఐపి రాని సహోద్యోగి, ఇలాంటివి తోడవ్వాలి.

గడువులు_ముఖ్యం:
పైన చెప్పినవన్నీ చేసి కూడా తేదీ దాటబెట్టుకుంటే అంతా వృథా. టెక్సాస్ చట్టం కింద టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కి 180 రోజుల్లోపు, ఫెడరల్ చట్టం కింద ఈఈఓసీకి (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) 300 రోజుల్లోపు ఫిర్యాదు చేరాలి. 180నే లెక్కలో పెట్టుకోండి. రోజులు మొదలయ్యేది ఆఖరి పనిరోజు నుంచి కాదు, తీసేస్తున్నామని మీకు చెప్పిన రోజు నుంచి. హెచ్‌ఆర్ విచారణ నడుస్తోంది కదా అని గడువు ఆగదు.

ఈఈఓసీ పోర్టల్‌లో ముందు ఎంక్వైరీ పెట్టి, ఇంటర్వ్యూ స్లాట్ తీసుకుంటారు. ఎంక్వైరీతోనే ఫిర్యాదు నమోదైపోయిందని అనుకోవద్దు. తయారైన ఛార్జ్ (అధికారిక ఫిర్యాదు పత్రం) మీద మీరు సంతకం చేస్తేనే లెక్క. అందులో నేషనల్ ఆరిజిన్, రిటాలియేషన్ రెండు గడులూ టిక్ చేయండి. వదిలేసినదాన్ని తర్వాత కోర్టులో ఎత్తడం కష్టం. 180 రోజులు గడిచాక రైట్-టు-సూ లెటర్ (కోర్టుకెళ్లొచ్చని ఈఈఓసీ ఇచ్చే పత్రం) అడగొచ్చు. అది అందిన 90 రోజుల్లో దావా వేయాలి.

500 మంది దాటిన కంపెనీకి నష్టపరిహారం, శిక్షగా వేసే మొత్తం కలిపి 3,00,000 డాలర్ల పరిమితి ఉంది. పోయిన జీతం దీనికి అదనం.

వీసా_దారి:
తీసేస్తే 60 రోజుల వరకు అమెరికాలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ ఉంటుంది, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే ముగిస్తే అక్కడివరకే. సాధారణంగా జీతం లెక్కకట్టిన ఆఖరి రోజు నుంచి ఇది మొదలవుతుంది. తీసేసేటప్పుడు ఒకేసారి ఇచ్చే సెవరెన్స్ సొమ్ము దీన్ని పొడిగించదు. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ దాఖలవ్వాలి, లేదా మీరు ఐ-539 ఫారంతో స్టేటస్ మార్పుకి దరఖాస్తు చేయాలి. మీ ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా రద్దు కాదు. పిటిషన్ గడువుకి ముందే తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు ఇవ్వజూపడం కంపెనీ బాధ్యత, మీ ఒక్కరికే, కుటుంబానికి కాదు. ఇండియా వెళ్లిపోయినా ఈఈఓసీ కేసు నడుస్తుంది, దానికోసం అక్కడే ఉండనక్కర్లేదు.

డాలస్_ఐటీ:
చాలా థాంక్స్ అండీ. పిఐపి మీటింగ్‌లు రికార్డ్ చేయొచ్చా? సెవరెన్స్ ఇస్తామంటే?

కార్మికచట్టం:
టెక్సాస్‌లో మాట్లాడేవాళ్లలో మీరూ ఒకరైతే చాలు, చట్టరీత్యా రికార్డ్ చేయొచ్చు. కానీ కంపెనీ పాలసీ వద్దంటే అదే తీసేయడానికి కారణం అవుతుంది. ముందు హ్యాండ్‌బుక్ చూడండి. మీటింగ్ అవ్వగానే "మీరు చెప్పినది నాకు ఇలా అర్థమైంది" అని మేనేజర్‌కి మెయిల్ పెట్టడం ఇంకా మేలు.

సెవరెన్స్ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. పెడితే దావా హక్కు పోయినట్టే, ఈఈఓసీకి ఫిర్యాదు చేసే హక్కు ఒక్కటే మిగులుతుంది. మీకు 40 ఏళ్లు నిండితే, వయసు వివక్ష హక్కు వదులుకున్నట్టు సంతకం చెల్లాలంటే ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, పెట్టాక రద్దు చేసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. వయసు ఎంతైనా, ఉద్యోగి తరఫున వాదించే లాయర్‌కి చూపించడానికి వారం గడువు కావాలని మెయిల్‌లోనే అడగండి.